అక్షర సంరక్షణము – మన బాధ్యత

అక్షరము అనగా నశింపనిది అని పెద్దలు అర్థము చెప్పినారు. ఈ మాటను మనము సభలలో చెప్పుచున్నాము, వ్యాసములకు మొదటి వాక్యముగా వ్రాయుచున్నాము, చప్పట్లు కొట్టించుకొనుచున్నాము. కాని ఈ సంవత్సరపు సంచిక కూర్పు పనిలో పాల్గొన్న విద్యార్థులమైన మేము, అక్షరము నశించుటను మా కన్నులతో చూచినాము. అది అగ్నికి ఆహుతి కాలేదు, వరదలో కొట్టుకొనిపోలేదు. కంప్యూటరులో ఉండవలసిన ఒక ఫైలు లేకపోవుటచేత నశించినది. ఆ సంగతిని సహ విద్యార్థులకును, కళాశాల కార్యవర్గము వారికిని విన్నవించుటకే ఈ వ్యాసము.

జరిగిన విషయము చెప్పెదము. సంక్రాంతి సెలవులకు ముందు ఒక పూర్వ విద్యార్థిని మన గ్రంథాలయమునకు వచ్చినారు. వారి తండ్రిగారు మన కళాశాలలో ఉర్దూ బోధించి, పదవీ విరమణ చేసిన కొలది కాలమునకే దివంగతులైనారు. సుమారు పదునెనిమిదేండ్ల క్రిందట వారు మన వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాసినారు. ఉర్దూ భాగములో మూలమును, తెలుగు భాగములో దాని సారమును వారే వ్రాసి ఇచ్చినారు. ఇంటిలో ఉన్న ప్రతి 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపానులో తడిసి పాడైపోయినదట. గ్రంథాలయపు ప్రతిలో చూడగా ఆ పుటలను చెదలు తినివేసినవి. అయినను మేము నిరాశ పడలేదు. ఆ సంవత్సరపు సంచిక ఫైలు సి.డి.లో ఉన్నది, సి.డి. బీరువాలో భద్రముగా ఉన్నది. దానిమీద సంవత్సరము కూడ చక్కగా వ్రాసి ఉన్నది.

సి.డి.ని తెరచినాము. తెలుగు పుటలలో ఇంగ్లీషు అక్షరములు, ప్రశ్నార్థకములు, డాలరు గుర్తులు కలగాపులగముగా కనుపించినవి. ఉర్దూ పుటలలో అవి కూడ లేవు. వరుసకు వరుస ఖాళీ చతురస్రములు మాత్రమే. ఆమె తెరవంక కొంతసేపు చూచి, "ఇందులో మా అబ్బా పేరు ఎక్కడ ఉన్నదమ్మా?" అని అడిగినారు. మేము చూపలేకపోయినాము.

ఇట్లు ఎందుకు జరిగినది? దానిని తెలిసికొనవలెనన్నచో ఫాంటు అనునది ఏమియో కొంచెము తెలిసికొనవలెను. మనము మీట నొక్కినప్పుడు కంప్యూటరు దాచుకొనునది అక్షరపు రూపమును కాదు, ఒక సంఖ్యను. ఆ సంఖ్యకు ఏ రూపము చూపవలెనో చెప్పునది ఫాంటు. పాత పద్ధతి ఫాంట్లలో ఒక్కొక్క ఫైలుకు 256 స్థానములు మాత్రమే ఉండెడివి. అవియును ఇంగ్లీషు లిపిని దృష్టిలో పెట్టుకొని ఏర్పరచినవి. తెలుగు తలకట్టులను, గుడులను, కొమ్ములను, వత్తులను ముక్కలు ముక్కలుగా చేసి ఆ స్థానములలోనే సర్దినారు. అనగా తెరమీద కనుపించునది కకారమైనను, లోపల దాగి ఉన్నది ఒక ఇంగ్లీషు అక్షరపు సంఖ్యయే. ఆ ఫాంటు ఉన్నంతవరకు అది తెలుగు. ఫాంటు తీసివేసిన మరుక్షణము అది అర్థము లేని ఇంగ్లీషు. పైగా ఏ ముక్కను ఏ స్థానములో పెట్టవలెనను ఉమ్మడి నియమము లేనందున, ఒక సంస్థ ఫాంటుతో కూర్చిన దానిని మరొక సంస్థ ఫాంటుతో చదువ వీలు కాలేదు.

ఉర్దూ కథ ఇంతకంటె కఠినము. నస్తాలీఖ్ లిపిలో అక్షరము మాటలోని తన చోటును బట్టి రూపు మార్చుకొనును. మాట కుడినుండి ఎడమకు సాగుచు క్రిందికి వాలును. సీసపు అచ్చులకు ఈ వాలు లొంగలేదు. అందుచేత ఇరువదవ శతాబ్దములో చాలభాగము ఉర్దూ పత్రికలు కాతిబులు చేతితో వ్రాసిన పుటలనే ముద్రించుకొన్నవి. చెన్నపట్టణములో 1927లో స్థాపితమైన 'ది ముసల్మాన్' దినపత్రిక, కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడ చాలకాలము కాతిబుల చేతివ్రాతతోనే వెలువడినది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారు మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను సిద్ధము చేసినారు. విడి అక్షరములు చాలవని గ్రహించి, దాదాపు 20,000 అక్షరపు కూర్పులను తయారు చేసినారు. ఆ సంవత్సరమే లాహోరులో 'జంగ్' దినపత్రిక ఆ అక్షరములతో వెలువడినది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు ఆ నస్తాలీఖ్‌ను సామాన్యుని బల్లమీదికి తెచ్చినది. కాని 20,000 కూర్పులను 256 చొప్పున సర్దవలెనన్నచో ఎన్ని ఫైళ్ళు కావలెనో చదువరులే భాగించి చూడవచ్చును. కావుననే ఆ ఒక్క ఫాంటు ఎనభైకి పైగా ఫైళ్ళుగా విడిపోయి ఉండెడిది. అందులో ఒక్క ఫైలు లోపించినను, ఆ ఫైలులో ఉన్న కూర్పులు గల మాటలు మాత్రము పుటనుండి మాయమగును.

మన ప్రాంతమునకు అక్షరముల కొరత కొత్తది కాదు. 1805లో విశాఖపట్టణము వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారు ఇచ్చటనే సువార్తల తెలుగు అనువాదమునకు పూనుకొన్నారు. కాని వాటిని అచ్చువేయుటకు ఇచ్చట సాధనములు లేవు. ఆ వ్రాతప్రతి బెంగాలులోని సేరంపూరునకు పోయి, 1812లో అక్కడ అచ్చుపడినది. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదీన సేరంపూరు ముద్రణాలయము కాలిపోయినది. పలు భాషల అచ్చు అక్షరములు కరిగి లోహపు ముద్దలైనవి. అయినను, అక్షరములను పోతపోయు మూసలు నిప్పునుండి దక్కినవి. వాటి సహాయముతో కొలది నెలలలోనే అక్షరములను మరల పోతపోసికొని పని సాగించినారు. పుట కాలినను మూస ఉన్నచో అక్షరము బ్రతుకును. మన బీరువాలోని సి.డి.లో పుట ఉన్నది, మూస లేదు. ఇదియే మన దుఃస్థితి.

ఈ సందర్భమున మన ప్రయోగశాలలో డిజైను పనికి ఉపయోగించు కంప్యూటరును కూడ పరిశీలించినాము. అందులో ఫాంట్లు వందలకొలది ఉన్నవి. ఎవరు తెచ్చినారో, ఎక్కడినుండి తెచ్చినారో ఎవ్వరికిని తెలియదు. శుభలేఖ చేసికొనవచ్చిన మిత్రుడు ఒకటి పెట్టినాడు. షాదీ రుఖా కూర్చిన సోదరి మరొకటి పెట్టినది. ఫ్లెక్సీ చేయవచ్చినవారు పెన్‌డ్రైవులో ఉన్నవన్నియు పోసి పోయినారు. ఫైళ్ళ పేర్లు వేరైనను లోపలి పేరు ఒక్కటిగానే ఉన్న జంట ఫాంట్లు కొన్ని కనుపించినవి. అట్టివి రెండు ఉన్నప్పుడు సాఫ్ట్‌వేరు దేనిని తీసికొనునో నమ్మకము లేదు; నిన్న సరిగా ఉన్న వత్తు నేడు ప్రక్కకు జరిగి ఉండుటకు కారణము అదియే. వందల ఫాంట్లను చదువుకొనవలసి వచ్చుటచేత డిజైను సాఫ్ట్‌వేరు తెరచుకొనుట కూడ ఆలస్యమగుచున్నది. యంత్రము పాతబడినదని మనము దానిని నిందించుచున్నాము. యంత్రము ఏమి చేయును? పెండ్లి ఒక్కటియే అయినను ఊరిలోని పాత్రలన్నియు తెచ్చి వంటింటిలో పేర్చినవారము మనమే.

మన పొరుగున జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ ఉన్నది. మన పూర్వ విద్యార్థులు కొందరు అక్కడ పని చేయుచున్నారు. ముడిసరుకు సంచి లోపలికి వచ్చినచో దాని పేరు, వచ్చిన చోటు, తేదీ, గడువు నమోదు కానిదే దానిని వాడకమునకు తీసికొనరని వారు చెప్పుదురు. చీటీ లేని సీసాలోని పొడిని మందు అని చెప్పినను ఎవరును మ్రింగరు. చీటీ లేని ఫాంటును మాత్రము మనము నిస్సంకోచముగా వాడుచున్నాము. అది ఎవరి శ్రమఫలమో, ఎన్ని కంప్యూటర్లలో వాడుటకు అనుమతి ఉన్నదో, అచ్చుకు పనికివచ్చునో, సొంత వాడకమునకే పరిమితమో మనకు పట్టదు. ఒక్క తెలుగు ఫాంటు గీయుటకు వందల రూపములు దిద్దవలెను. ఆ శ్రమకు వెల చెల్లింపక వాడుకొని, తరువాత నీతిపాఠములు గల సంచికను ఆ అక్షరములతోనే అచ్చువేయుట మనకు శోభించునా?

దీనికి ఉపాయము లేకపోలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము మొదటి కూర్పుననే తెలుగునకు 128 స్థానముల గది కేటాయించినది. ఉర్దూ అక్షరములు అరబ్బీ లిపి విభాగములో చోటు చేసికొన్నవి. ఈ పద్ధతిలో 'స్త్రీ' అను మాటను కంప్యూటరు ఆరు సంఖ్యలుగా దాచుకొనును: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి. వాటిని ఒక్క రూపముగా కూర్చుట ఫాంటులోని నియమముల పని. ఫాంటు మారినచో రూపము మారునే గాని సంఖ్య మారదు. కావున తెలుగు తెలుగుగానే, ఉర్దూ ఉర్దూగానే ఉండును, వెదకిన దొరకును.

ఇందుకు కొందరు మిత్రులు ఆక్షేపణలు చెప్పుచున్నారు. అవి తోసివేయదగినవి కావు.

అలవాటైన పద్ధతిని ఎందుకు విడువవలెనని మొదటి ప్రశ్న. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు దశాబ్దములపాటు తెలుగు అచ్చును మోసినవి. అనకాపల్లిలోను గాజువాకలోను డి.టి.పి. చేయు పెద్దల వ్రేళ్ళు ఆ మీటలకే అలవాటు పడినవి. వారి నైపుణ్యమును చులకన చేయుట మా ఉద్దేశము కాదు. మన సంచికలను ఇన్నాళ్ళు నిలబెట్టినది వారే. కాని వారికి అలవాటైన పేజ్‌మేకర్ యొక్క చివరి కూర్పు 2001 నాటిది. ఇన్‌డిజైన్ 2012 నాటి కూర్పునుండి తెలుగు వత్తులను సరిగా పేర్చుట నేర్చినది. టైప్ 1 అను పాత తరహా ఫాంట్లకు అడోబీ సంస్థ 2023 జనవరితో తన సాఫ్ట్‌వేరులో ఆదరణ ఆపివేసినది. పాతవి ఒక్కొక్కటిగా తలుపులు మూసికొనుచుండగా మనము ఆ గుమ్మములోనే నిలిచియుండుట వివేకము కాదు.

యూనికోడ్ ఫాంట్లలో అందము లేదనుట రెండవ ఆక్షేపణ. ఒకప్పుడు ఇందులో నిజమున్నది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చినప్పుడు ఎన్నికకు అవకాశమే లేదు. తరువాత తిరుమల కృష్ణ దేశికాచార్యులవారి పోతన, వేమన వచ్చినవి. నేడు మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు, గురజాడ మొదలైన అనేక ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితముగా దొరకుచున్నవి. గురజాడ అప్పారావుగారు జన్మించిన సర్వసిద్ధి రాయవరము, 2022 ఏప్రిల్ నుండి మన పరవాడవలెనే అనకాపల్లి జిల్లాలో ఉన్నది. మన జిల్లా కవి పేరు గల అక్షరము ఉచితముగా లభించుచుండగా, దొంగ అక్షరముల కొరకు పెన్‌డ్రైవులు వెదకుట ఏమి? ఉర్దూకు కూడ లాహోరులో తయారైన నఫీస్ నస్తాలీఖ్, గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉన్నవి. నూరీ అందము వీటిలో లేదని మా ఉర్దూ మిత్రులు అనుచున్నారు. వారి మాటను గౌరవించుచున్నాము. శీర్షికలకు కాతిబు చేతివ్రాతను తీసికొని, వ్యాసమును యూనికోడ్‌లో కూర్చుకొనవచ్చును.

అక్షరములను గీతలుగా మార్చి ముద్రణాలయమునకు పంపినచో ఫాంటు చిక్కే ఉండదని మూడవ వాదము. ఆనాటి అచ్చుకు అది చాలును. కాని గీతగా మారిన మాట ఇక మాట కాదు, బొమ్మ. అందులో తప్పు దిద్దలేము, పేరు వెదకలేము.

సంచిక అచ్చైన తరువాత ఫైలుతో పని ఏమని కొందరు అడిగినారు. దీనికి సమాధానము గ్రంథాలయమునకు వచ్చిన ఆ సోదరియే.

కావున కార్యవర్గము వారి ఎదుట ఈ కోరికలను వినయముగా ఉంచుచున్నాము.

మొదటిది: ఫాంట్లకు ఒక రిజిస్టరు. ఫాంటు పేరు, ఎక్కడినుండి వచ్చినది, ఎన్నవ కూర్పు, అనుమతి షరతులు, ఎన్ని కంప్యూటర్లకు చెల్లును, పెట్టిన తేదీ, పెట్టినవారి సంతకము అందులో ఉండవలెను. రిజిస్టరులో లేని ఫాంటు యంత్రములో ఉండరాదు. ప్రయోగశాలలో గాజు సామానునకు పద్దు వ్రాయు మనకు ఇది కొత్త విద్య కాదు.

రెండవది: వాడుకకు చిన్న పళ్ళెము. సంచికకు తెలుగులో నాలుగు, ఉర్దూలో రెండు, ఇంగ్లీషులో రెండు ఫాంట్లు చాలును. తక్కినవానిని వేరొక ఫోల్డరులో ఉంచి, పని పడినప్పుడు తెరచి, పని తీరిన తరువాత మూయవలెను. ఇందుకు ఫాంట్ మేనేజర్ అను సాధనములు ఉన్నవి. ఎన్నుకొనునప్పుడు రెండు లిపుల స్వభావము గమనించవలెను: తెలుగు వత్తులకు వరుస క్రింద చోటు కావలెను, నస్తాలీఖ్ వాలునకు అంతకంటె ఎక్కువ కావలెను. ఇంగ్లీషు కొలతతో వరుసలు పేర్చినచో రెండును ఇరుకున పడును.

మూడవది: రచనలను యూనికోడ్‌లోనే స్వీకరించుట. నేడు చేతిఫోనులో మనము వ్రాయునది యూనికోడే. దానిని పాత ఫాంటులోనికి తిరిగి కొట్టుట వృథా శ్రమ. పైగా కొత్త తప్పులకు మార్గము. చేతివ్రాతతో ఇచ్చువారి రచనలను మేము స్వయముగా కొట్టి, వారిచేతనే దిద్దించెదము.

నాలుగవది: ప్రతి సంచికకు మూడు ప్రతుల నియమము. డిజైను ఫైలును అనుమతి ఉన్నంతవరకు దాని ఫాంట్లతో సహా ఒక ఫోల్డరులో ఉంచవలెను. ఫాంట్లను తనలోనే పొదుగుకొన్న పి.డి.ఎఫ్. ఒకటి ఉంచవలెను, 2005లో వచ్చిన పి.డి.ఎఫ్./ఎ అను అంతర్జాతీయ ప్రమాణము దీర్ఘకాల భద్రతకొరకు ఈ పొదుగుటను తప్పనిసరి చేసినది. రచనలన్నిటి సాదా పాఠమును మూడవదిగా ఉంచవలెను. ఇవి గ్రంథాలయములో ఒకటి, కార్యాలయములో ఒకటి చొప్పున రెండు చోట్ల ఉండవలెను. సంచిక కూర్చిన దుకాణము వారి దయమీద మన చరిత్రను వదలివేయరాదు.

ఐదవది: పాత సంచికల ఉద్ధరణ. పాత ఫాంటులో ఉన్న పాఠమును యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు ఉన్నవి. కాని వాటిని గ్రుడ్డిగా నమ్మరాదు, వత్తులు తారుమారగును. అచ్చు ప్రతిని ప్రక్కన పెట్టుకొని ఒకరు చదువగా ఒకరు దిద్దవలెను. వేసవి సెలవులలో తెలుగు, ఉర్దూ విద్యార్థులు జంటలుగా కూర్చున్నచో ఒక్కొక్క సంచిక ముగియును. దీనికి డబ్బు అక్కరలేదు. గది, కరెంటు, ఒక అధ్యాపకుని పర్యవేక్షణ చాలును. ఈ పని నేర్చినవారికి రేపు జీవనోపాధి కూడ కలుగును.

మన సంచికకు రెండు ముఖద్వారములు ఉన్నవి. ఒకవైపు తెరచిన తెలుగు, మరొకవైపు తెరచిన ఉర్దూ. రెండును నడిమి పుటలో కలిసికొనును. ఇట్టి సంచిక కూర్చుట కష్టమని అందరును అందురు. కష్టమే. ఆ కష్టమునకు మన కళాశాల ఇన్నేండ్లు వెరువలేదు. కూర్చుటకు పడిన శ్రమలో పదవ వంతు దాచుటకు పడిన చాలును. ఉర్దూలో అమానతు అను మాట ఉన్నది: ఒకరు నమ్మి మనచేతికి ఇచ్చిన సొత్తు. రచయిత ఇచ్చిన వ్యాసము అమానతు. అది పాడైన తరువాత యంత్రమును చూపి తప్పించుకొనుట న్యాయము కాదు.

ఆ వ్యాసము ఏమైనదని చదువరులు అడుగవచ్చును. ఆనాడు దానిని కూర్చిన పెద్దమనిషి అనకాపల్లిలో ఉన్నారు. వారి దుకాణములో మూలనపడిన పాత యంత్రమును మాకొరకు తుడిచి వెలిగించినారు. తెలుగు సారము పూర్తిగా వచ్చినది. ఉర్దూ మూలములో మాత్రము ఫాంటు భాగములలో ఒకటి చెడి ఉన్నందున అక్కడక్కడ మాటలు లోపించి తెల్లని ఖాళీలు పడినవి. మా ఉర్దూ అధ్యాపకులును, ఆ సోదరియును కలిసి కూర్చుండి, సందర్భమును బట్టి సందేహము లేని మాటలను పూరించినారు. మూడు మాటలు మాత్రము ఎవరికిని తెలియలేదు. ఊహించి వ్రాయుటకు మాకు మనసొప్పలేదు. ఈ సంచిక ఉర్దూ భాగములో ఆ వ్యాసమును మరల ముద్రించుచు, ఆ మూడు చోట్లను ఖాళీగానే వదలినాము.

చదువరులు ఆ ఖాళీలను చూచినప్పుడు అచ్చుతప్పు అనుకొనవద్దని మనవి. అవి మన అజాగ్రత్తకు గుర్తులు. ఇక ముందు మన సంచికలో అట్టి ఖాళీ ఒక్కటియు పడకుండుగాక!